సైజు ఒక్కటే తేడా కాదండీ
మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ గురించి మీ ఆర్టికల్ బాగుంది గానీ "ఎలుకకీ కోతికీ హిప్పోకాంపస్ ఒకటే, సైజే తేడా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అక్కడే నాకు పేచీ. దాని లోపలి భాగాలు డెంటేట్ గైరస్, సీఏ3, సీఏ1 రెండిట్లోనూ ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ హిప్పోకాంపస్ ఉన్న తీరు చూడండి, ఎలుకలో కొమ్ములా వంగి పైనుంచి వెనక్కి తిరిగి కిందికి దిగుతుంది, కోతిలోనేమో చాలావరకు టెంపొరల్ లోబ్ (మెదడులో చెవి వైపుండే భాగం) లోపలే పడుకుని ఉంటుంది, అందుకే ఎలుకలో పైభాగం అంటే కోతిలో వెనకభాగం అన్నమాట, ఇది తెలీక నేను చాన్నాళ్లు తికమక పడ్డా లెండి. ఇంకా హిప్పోకాంపస్ పక్కనున్న పెరిరైనల్ కార్టెక్స్ (మెదడు పైపొరలో ఒక భాగం) సంగతి అసలు ఎత్తనేలేదు మీరు! కోతిలో దానికొచ్చే సమాచారంలో ఎక్కువ భాగం చూపుదే, ఎలుకలో అలా కాదు, వాసన, శబ్దం, స్పర్శ అన్నీ గట్టిగానే వస్తాయి. అలాగే కోతిలో ఆ దగ్గర్లోనే ఉండే పారాహిప్పోకాంపల్ కార్టెక్స్‌కి సరిజోడు ఎలుకలో పోస్ట్‌రైనల్, పేరు వేరు కాబట్టి ఎలుకలో ఆ భాగమే లేదనుకుంటారు చాలామంది.