తేదీ ఇవ్వండి, డబ్బా తర్వాత

సింగరేణిలో బొగ్గు ఎప్పటికో ఒకప్పటికి అయిపోతుంది. తెలుగువాళ్ల మొహమాటం అయిపోదు. పైగా ఈ రెండో గనికి ప్రభుత్వ వేలం లేదు, పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఆరడుగుల మడత టేబులు, మెరూన్ రంగు గుడ్డ, ఒక గాజు గిన్నె, రెండొందల చీటీలు, ఒక డైరీ ఉంటే తవ్వకం మొదలెట్టొచ్చు. దసరాకో దీపావళికో కొండాపూర్, నల్లగండ్ల, మియాపూర్ వైపు ఏ గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లోకి తొంగిచూసినా పచ్చళ్ల స్టాలుకీ వన్ గ్రామ్ గోల్డ్ స్టాలుకీ మధ్య ఈ గని ముఖద్వారం కనిపిస్తుంది. జనం దాన్ని డబ్బాల స్టాల్ అంటారు. పాపం, వాళ్లకు తెలీదు. అక్కడి డబ్బాలు ఎర మాత్రమే. ఆ స్టాల్ నడిపే ఆవిడకు కావలసింది మీ ఇంటి హాలు, మీ పదిమంది స్నేహితురాళ్లు, వాళ్లందరూ ఖాళీగా ఉండే ఒక సాయంత్రం. అక్కడ డబ్బాల పార్టీ పెట్టి, వాళ్లందరికీ చూపించి అమ్మడానికి.

ఇందులో దురాశ ఏమీ లేదు, ఒట్టి లెక్క. స్టాల్ అద్దె 3,000 అనుకుందాం. లక్కీ డ్రా బహుమతికి 800, ఆటో, చీటీలు, పిల్లలకు చాక్లెట్లు కలిపి 700. మొత్తం 4,500. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా నిలబడి 8,000 అమ్మితే, 25 శాతం మార్జిన్ మీద చేతికొచ్చేది 2,000. అంటే 2,500 నష్టం, మోకాళ్ల నొప్పి అదనం. అదే స్టాల్లో మూడు ఇళ్లు ఖాయమై, అందులో ఒకటి రద్దయి (ఒకటి ఎటూ రద్దవుతుంది), మిగతా రెండిట్లో ఒక్కోచోట 12,000 అమ్మితే మార్జిన్ 6,000. ఇల్లిచ్చిన ఇద్దరికీ కానుకల కింద వెయ్యి తీసేసి, స్టాల్ నష్టం పూడ్చుకుంటే ఇంకా 2,500 మిగులుతుంది. ఆ రెండు పార్టీల నుంచి ఇంకో మూడు తేదీలు పుట్టుకొస్తాయి. కాబట్టి స్టాల్లో డబ్బా అమ్ముడుపోతే సంతోషించేది కొత్తగా చేరినవాళ్లే. పాతకాపు మాత్రం, కొన్నావిడ తేదీ ఇవ్వకుండా వెళ్లిపోయిందే అని లోలోపల కుమిలిపోతుంది.

ఈ విద్య మనది కాదు, అమెరికాది. ఎర్ల్ టప్పర్ అనే ఆయన 1940లలో గాలి చొరని మూతతో ప్లాస్టిక్ గిన్నె కనిపెట్టి, టప్పర్‌వేర్ అని పేరు పెట్టాడు. దుకాణాల్లో పెట్టాడు. పెద్దగా ఎవరూ కొనలేదు. ఆ మూత ఎలా నొక్కాలో, లోపలి గాలిని ఎలా వదలాలో పక్కన నిలబడి చూపించేవాళ్లు లేకపోతే అది బిగుసుకోని మూతలాగే కనిపించేది మరి. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ అదే గిన్నెలో నిండా ద్రవం పోసి, మూత బిగించి, నలుగురు కూర్చున్న గదిలో గాల్లోకి విసిరి చూపించింది. ఇళ్లలో అమ్మకాలు ఎంత పెరిగాయంటే 1951లో కంపెనీ దుకాణాల నుంచి సరుకు వెనక్కి తీసేసుకుంది. 1954లో ఆవిడ బొమ్మ ‘బిజినెస్ వీక్’ ముఖచిత్రం మీదకి ఎక్కింది. ఆ గౌరవం దక్కిన మొదటి మహిళ ఆవిడే. 1958లో కంపెనీ ఆవిణ్ణి తీసేసింది. గిన్నెకున్న జీవితకాల గ్యారంటీ మనిషికి వర్తించదని ఆ రోజే తేలింది. 1996లో ఆ గిన్నె మన దేశానికి వచ్చింది. 2024 సెప్టెంబరులో మాతృసంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. డబ్బా పెట్టిన కంపెనీ దివాలాకెక్కినా పద్ధతి చెక్కుచెదరలేదు. ఇవాళ అదే గాజు గిన్నె, అవే చీటీలతో సౌందర్య సాధనాలు, కొవ్వొత్తులు, పిల్లల పుస్తకాలు, నగలు అమ్ముతున్నారు.

మనకు ఈ పద్ధతి ఇంత తేలిగ్గా ఎందుకు పట్టుబడిందంటే పేరంటం అలవాటు ఉంది కాబట్టి. ఇల్లు ఒకరిది, పిలుపు అందరికీ, పిలిస్తే వెళ్లకపోవడం తప్పు, వెళ్తే మళ్లీ పిలవకపోవడం ఇంకా పెద్ద తప్పు. కంపెనీవాళ్లు దీనికి కొత్తగా చేర్చింది రసీదు పుస్తకం ఒక్కటే. చిన్న తేడా లేకపోలేదు. పేరంటంలో ఇచ్చిన జాకెట్టు ముక్క నాలుగిళ్లు తిరిగి శ్రావణమాసం వెళ్లేలోగా మళ్లీ మన బీరువాలోకే వస్తుంది. డబ్బా మాత్రం వెళ్లినదారిన తిరిగిరాదు.

సరే, స్టాల్ విషయానికొద్దాం. సరుకు ఎక్కువ తెచ్చారా, అది దుకాణం అయిపోతుంది. దుకాణంలో మనిషి వస్తువు తీసుకుని, ఫోన్‌పే చేసి, సౌండ్ బాక్స్ మోగగానే వెళ్లిపోతుంది. ఆమె మొహమాటం ఆమె దగ్గరే భద్రంగా ఉండిపోతుంది. అందుకని రకానికొకటి చొప్పున పన్నెండు, పదిహేను వస్తువులు మించకూడదు. వాటిలో ఒకటి మాత్రం చేతిలో ఉండాలి. సాంబారు పోసిన డబ్బాను తలకిందులు చేసి, ఎదుటావిడ పట్టుచీర మీదుగా అటూ ఇటూ తిప్పాలి. ఆవిడ ఊపిరి బిగబట్టిన ఆ రెండు క్షణాలు స్టాలుకు ఊపిరి. అయితే అక్కడే ఆపెయ్యాలి. “పిండి నెల్లాళ్లు పురుగు పట్టకుండా ఎలా ఉంటుందో ఇక్కడ చూపించడం కుదరదు మేడమ్, ఇంటికొచ్చి చూపిస్తా” అనాలి. అన్నీ స్టాల్లోనే చూపించేస్తే ఇంటికి వెళ్లి చూపించడానికి ఏం మిగులుతుంది?

కుర్చీ వెయ్యకండి. కుర్చీ ఉంటే కూర్చుంటారు, కూర్చుంటే ఫోన్ చూస్తారు, ఫోన్ చూస్తున్న మనిషి దగ్గరికి ఎవరూ రారు. టేబుల్ని వెనక్కి నెట్టి, దానికి ముందు నిలబడాలి. స్టాల్ తిండి స్టాళ్లకు ఎదురుగా తీసుకోకూడదు, ఒక చేతిలో పానీపూరీ దొన్నె ఉన్న మనిషి చీటీ నింపలేదు. తిండి తిని చేతులు కడుక్కుని వచ్చే దారిలో దొరికితే అదృష్టం. తంబోలా మైకు పక్కన మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. ‘ఆరూ తొమ్మిదీ అరవైతొమ్మిది’ అని అరుస్తుంటే తేదీ మాట వినపడదు. ఇక సంబోధన. ముప్పై రెండేళ్ల ఆవిణ్ణి ఆంటీ అన్నారో, ఆ టవర్ మొత్తం మీద ఆశ వదులుకోవచ్చు. ‘మేడమ్’తో మొదలెట్టి, ఆవిడ నవ్వితే ‘అక్కా’లోకి దిగాలి.

లక్కీ డ్రా చీటీని పిల్లలాటగా చూడకూడదు. పేరు, ఫోన్ నంబరు, టవర్, ఫ్లాటు, దానికింద మూడు గళ్లు: ఇంట్లో డెమో పెట్టించుకుంటారా - ‘తప్పకుండా’, ‘తర్వాత’, ‘వద్దు’. ‘తప్పకుండా’ అన్నావిణ్ణి అక్కణ్ణుంచి కదలనివ్వకూడదు. ‘తర్వాత’ అన్నావిడకు రెండు రోజుల్లోగా ఫోన్ చెయ్యాలి, మూడో రోజుకు ఆవిడకు మీరెవరో గుర్తుండదు. ‘వద్దు’ అన్నావిడ నిజాయితీపరురాలు, ఆ చీటీకి దణ్ణం పెట్టి పక్కన పెట్టండి. పెన్నులకు దారం కట్టండి, బ్యాంకులో కట్టినట్టే. లేకపోతే ఎనిమిదింటికల్లా పెన్నుల స్టాక్ పూర్తిగా అయిపోతుంది. నంబరు రాసిన వెంటనే పైకి చదివి వినిపించాలి, చాలామంది చేతులు తొమ్మిదో అంకె దగ్గరే ఆగిపోతాయి. కొందరు భర్త నంబరు రాస్తారు. అది మొహమాటం నుంచి పుట్టిన ఆత్మరక్షణ విద్య. ఇంకో ప్రమాదం: మూడో తరగతి కుర్రాడు ఒకడు గిన్నెలో పదకొండు చీటీలు వేస్తాడు, చివరికి వాడే గెలుస్తాడు.

మొదటి బహుమతి ఒకరికే. మిగతా అందరికీ ‘రెండో బహుమతి’ వచ్చిందని ఫోన్ చేసే సంప్రదాయం ఒకటుంది. ఏమిటా బహుమతి? ఉచిత డెమో. అంటే తన ఇంట్లో తనే టీ పెట్టి, తన స్నేహితుల చేత తనే డబ్బు ఖర్చు పెట్టించే హక్కు. ఇంతటి బహుమతిని నోరు తెరుచుకుని వినేవాళ్లు ఉన్నంతకాలం ఈ దేశంలో స్టాళ్లకు లోటు లేదు.

తేదీ అడగడంలోనే ప్రజ్ఞంతా ఉంది. “మీ ఇంట్లో పెట్టుకుంటారా?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ‘చూద్దాం’. “శనివారం నాలుగింటికా, బుధవారం మూడున్నరకా?” అంటే మాత్రం పెట్టుకోవాలా వద్దా అన్న సంగతి చర్చలోకే రాదు. డైరీ మొత్తం ఖాళీగా చూపిస్తే ఎదుటివాళ్లకు అనుమానం వస్తుంది. అందుకని ఆరు తేదీలు రాసి, రెండు కొట్టేసి ఉంచుతారు. ఆ రెండూ సొంత ఆడపడుచు ఇల్లేనని అడిగితే తప్ప చెప్పరు. పది రోజులకు తక్కువైతే పిలవడానికి సమయం చాలదు, మూడు వారాలు దాటితే ఉత్సాహం చచ్చిపోతుంది. ఈ మధ్యలో అమావాస్య తీసెయ్యాలి, మంగళవారం తీసెయ్యాలి, సంకటహర చవితి తీసెయ్యాలి, యూనిట్ టెస్టులు తీసెయ్యాలి, పనమ్మాయి రాని రోజు తీసెయ్యాలి. మిగిలినదాంట్లో మూడున్నర నుంచి అయిదు దాకా, స్కూల్ బస్సు గేటు దగ్గరికి వచ్చేలోగా. ఇంత ఇరుకు ముహూర్తం పెళ్లికి కూడా పెట్టరు.

కొత్తవాళ్లు చిత్తయ్యేది మనవాళ్ల జవాబుల దగ్గర. తెలుగులో ‘కాదు’ అనే మాట నిఘంటువులో ఉంది గానీ చుట్టుపక్కల ఇళ్లలో వాడుకలో లేదు. దాని బదులు ఉన్నవి చూడండి. “చూద్దాం లెండి” అంటే చూడం. “మా వారినడిగి చెప్తా” అంటే వారిని అడగరు. ఇంట్లో సోఫా రంగు దగ్గర్నుంచి పిల్లాడి కాలేజీ దాకా వారిని అడగని ఆవిడకు, డబ్బాల పార్టీ దగ్గర మాత్రం పాతివ్రత్యం గుర్తొస్తుంది. “పండగ అయ్యాక” అంటే ఏ పండగో అడగాలి, అడిగితే ఆవిడ ఉగాది అంటుంది. “మా అత్తగారు ఉన్నారు” అన్నది మాత్రం నిజమైన అడ్డంకి. దానికి మందు ఒకటే, అత్తగారినే డెమోకు పిలవడం. పచ్చడి జాడీ గురించి అభిప్రాయం అడిగితే చాలు, ఆవిడే పదిమందికి ఫోన్ చేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది “అయ్యో, తప్పకుండా!”. ఆ మాటకు పొంగిపోయి ఫోన్ నంబరు మాత్రమే తీసుకుని వెనుదిరిగినవాళ్లెవరూ బాగుపడిన దాఖలా లేదు. నిజంగా ఇంట్లో పెట్టించుకోదలచిన ఆవిడ సంతోషం చూపించదు. విసుగ్గా ముఖం పెట్టి, “ఎంతమందిని పిలవాలి? ఏం పెట్టాలి?” అంటుంది. ఆ ‘ఏం పెట్టాలి’ వినపడగానే పెన్ను మూత తియ్యండి.

ఏం పెట్టాలన్న దానికి జవాబు: ఏమీ పెట్టొద్దు. ఇది మన జాతి లక్షణానికి విరుద్ధమని తెలుసు. కానీ ఆవిడ పులిహోర, గారెలు, చక్రపొంగలి చేసిందంటే వచ్చిన ఎనిమిదిమందీ తృప్తిగా తిని, “బాబోయ్, మా ఇంట్లో ఇంత చెయ్యడం నావల్ల కాదు” అని ఒక్కరూ తేదీ ఇవ్వరు. గారె ఒక్కటి మూడు బుకింగులు మింగేస్తుంది. టీ, బిస్కెట్లు, గట్టిగా అంటే మిక్చరు. తేదీ ఖాయమైన నిమిషంలోనే పిలుపుల కాగితం ఆవిడ చేతిలో పెట్టాలి. ముప్పైమందిని పిలిస్తే పదిహేనుమంది వస్తామంటారు, ఎనిమిదిమంది వస్తారు. కాబట్టి పదిమందే చాలు అన్నావిడ ఇంట్లో చివరికి ఆవిడా, ఆవిడ తోడికోడలూ, డెమో ఆవిడా కూర్చుని సీరియల్ చూడాల్సి వస్తుంది. పిలుపు వాట్సాప్ గ్రూపులో పెట్టించకండి. నాలుగొందల మంది ఉన్న గ్రూపులో ఒక బొటనవేలు, రెండు దణ్ణాలు, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందన్న ప్రశ్న - ఇంతే వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్. మొహమాటానికి గ్రూపులో విలువ లేదు, అది విడిగా చెవిలో పడితేనే పనిచేస్తుంది.

చట్టం సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే వ్యాసం బాధ్యత లేనిదైపోతుంది. 2021 డిసెంబరులో కేంద్రం ప్రత్యక్ష అమ్మకాల నియమాలు తెచ్చింది. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా వినియోగదారు ఇంటికి వెళ్లకూడదు. తను ఎవరో, ఏ కంపెనీయో, ఎందుకొచ్చారో మొదట్లోనే చెప్పాలి. ధర, వాపసు పద్ధతి, గ్యారంటీ షరతులు చెప్పాలి. కంపెనీ ఒప్పుకోని గొప్పలు చెప్పకూడదు. పిరమిడ్ పథకాల్లో జనాన్ని చేర్పించకూడదు. గొలుసుకట్టు వ్యాపారం మీద 1978 చట్టం ఎటూ ఉండనే ఉంది. ఈ నియమాలు చదివి కంగారుపడేవాళ్లు ఒక్కటి గమనించాలి: ముందస్తు అనుమతి తప్పనిసరి అంటే, దీపావళి మేళాలో ఆ గాజు గిన్నె ప్రభుత్వ ఆశయాన్ని అమలుచేస్తున్నట్టే కదా. ‘ఈ డబ్బాలో పెడితే షుగర్ తగ్గుతుంది’ లాంటి మాటలు మాత్రం మానుకోవాలి. ‘మీరూ చేరండి, ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అన్న ప్రసంగం మొదటి డెమోలోనే ఎత్తుకుంటే, వచ్చినవాళ్లకు ఒక్కసారిగా స్టవ్ మీద పాలు గుర్తొస్తాయి.

రద్దులు సోమవారం ఉదయం వస్తాయి. కారణం గొంతునొప్పి అని ఉంటుంది. ‘పర్లేదు’ అని ఊరుకుంటే ఆ తేదీ పోయినట్టే. ‘వచ్చే శనివారమా, ఆపై బుధవారమా?’ అని అదే ఫోన్లో అడగాలి. రెండోసారి గొంతునొప్పి వస్తే అది గొంతుకు సంబంధించినది కాదని గ్రహించి వదిలెయ్యాలి.

ఒక కమ్యూనిటీలో ఈ తవ్వకం ఆరేడు నెలలు సాగుతుంది. ఒక ఇంట్లో కొన్నావిడ ఇంకో ఇంట్లో కొనిపించాలి, అక్కడ కొన్నావిడ మళ్లీ మొదటి ఆవిణ్ణి పిలవాలి, చివరికి ప్రతి వంటగదిలోనూ ఒకే ఆకుపచ్చ మూత. ఆ తర్వాత లక్షణాలు కనిపిస్తాయి. లిఫ్టులో మీరు ఎక్కగానే అందరూ ఫోన్లు చెవికి పెట్టుకుంటారు. పదకొండో అంతస్తు ఆవిడ మెట్లెక్కి వెళ్తుంది, ఆరోగ్యం కోసమట. సెక్యూరిటీ అతను కూడా మీ చేతిలో డైరీ చూసి గేటు రిజిస్టర్లోకి తలదూర్చేస్తాడు. అప్పుడు మెరూన్ గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి, గాజు గిన్నెను పాత పేపర్లో చుట్టాలి. రోడ్డుకు అవతల కొత్తగా కట్టిన కమ్యూనిటీలో నాలుగు టవర్లట. స్టాల్ అద్దె అయిదొందలు ఎక్కువ చెబుతున్నారు. గృహప్రవేశాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, అక్కడ ఎవరికీ ఎవరూ పరిచయం లేదు.