ప్రవాసులారా, ముందు లోపలివాళ్ల మాట వినండి

దేశం వదిలి వెళ్లిపోయినవాళ్లకు ఇక్కడి గొడవలు ఎందుకు అని అడిగేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఆ వెళ్లిపోయినవాళ్లు పంపే డబ్బును మాత్రం ఏ దేశమూ వద్దనదు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో పేద, మధ్యాదాయ దేశాలకు ప్రవాసులు పంపిన సొమ్ము సుమారు 68,500 కోట్ల డాలర్లు. ఆ దేశాలకు వచ్చే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు, అభివృద్ధి సాయం రెండూ కలిపినా అంత ఉండవు. ఆ సొమ్ముతో ఇళ్లు గడుస్తున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు, ప్రభుత్వాల ఖజానాలో డాలర్లు నిలుస్తున్నాయి. కాబట్టి పుట్టిన దేశం ఎలా నడవాలో చెప్పే హక్కు ప్రవాసులకు ఉందా అన్న చర్చలో మాకు సందేహం లేదు, హక్కు ఉంది. ఆ హక్కును ఎలా వాడుకోవాలన్నదే ప్రశ్న, దానికి మేం చెప్పేది ఒక్కటే: లోపల ఉండి కొట్లాడుతున్నవాళ్లు ఏం అడుగుతున్నారో అది చేయండి, వాళ్ల తరఫున నిర్ణయాలు మీరు తీసుకోకండి.

దక్షిణాఫ్రికా సంగతే చూడండి. 1959లో లండన్‌లోని దక్షిణాఫ్రికా ప్రవాసులు, వాళ్ల బ్రిటిష్ మిత్రులు కలిసి, నల్లజాతివాళ్లను అణగదొక్కుతున్న అక్కడి తెల్లవాళ్ల పాలనకు నిరసనగా ఆ దేశపు సరుకులు కొనొద్దని ప్రచారం మొదలుపెడితే, దీనివల్ల ముందు పొట్ట మీద దెబ్బ పడేది నల్లజాతి కూలీలకే కదా అన్నారు చాలామంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం దేశం లోపలి నుంచి వచ్చింది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుథులి మరో ఇద్దరు నాయకులతో కలిసి చేసిన ప్రకటనలో, బహిష్కరణతో మా వాళ్లకు కష్టాలు తప్పవని తెలుసు, రక్తపాతం త్వరగా ఆగుతుందంటే ఆ కష్టం భరించడానికి సిద్ధమే అన్న అర్థంలో చెప్పారు. ఆ మాట ఉంది కాబట్టే బయటివాళ్లు దుకాణాల ముందు ధైర్యంగా నిలబడి ప్రచారం చేయగలిగారు. 1960లో పార్టీ ఆదేశం మీదే దేశం దాటిన ఆలివర్ టాంబో 30 ఏళ్లు బయటే ఉండి దేశదేశాల తలుపులు తట్టారు. 1986 నాటికి ఆ ఒత్తిడి ఎంత పెరిగిందంటే అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు రీగన్ వీటోను కూడా తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసింది.

లోపలి నాడి అందకపోతే ఎంత త్యాగం చేసినా ఫలితం దక్కకపోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా పనిచేసిన భారతీయ ప్రవాసుల గదర్ పార్టీ వీరులు 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకు దేశం సిద్ధంగా ఉందన్న నమ్మకంతో పనులు, పొలాలు వదిలేసి ఓడలెక్కి వచ్చేశారు. తీరా వచ్చాక ఊళ్లలో వాళ్లు ఊహించిన వేడి కనపడలేదు, 1915 ఫిబ్రవరికి అనుకున్న తిరుగుబాటు సంగతి గూఢచారి ద్వారా పోలీసులకు తెలిసిపోయింది, 19 ఏళ్ల కర్తార్ సింగ్ సరాభాను అదే ఏడాది నవంబరులో ఉరితీశారు. వాళ్ల త్యాగానికి ఎప్పటికీ చేతులెత్తి మొక్కుతాం. అయితే ఇరాక్‌కు చెందిన అహ్మద్ చలాబీని వాళ్ల పక్కన పెట్టలేం. చిన్నతనంలో 1958లో దేశం వదిలిన ఆయన వాషింగ్టన్‌లో పలుకుబడి సంపాదించుకుని 2003లో ఇరాక్ మీద అమెరికా చేసిన యుద్ధం కోసం గట్టిగా పట్టుబట్టారు, ఆయన వర్గం ముందుకు తెచ్చిన మనుషులు ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పిన కథలు అబద్ధాలని తేలాయి, లక్షల కుటుంబాలు నాశనమయ్యాయి. 2005 డిసెంబరు ఎన్నికల్లో ఆయన కూటమికి ఒక్క సీటూ రాలేదు. ఎవరి పేరు మీద అంతా చేశారో ఆ జనమే ఆయన్ను తమవాడిగా ఒప్పుకోలేదు.

మరి బయటివాళ్లు మాత్రమే చేయగల పని ఏమిటి? మా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ మర్చిపోయేది, దొంగసొమ్ము వెంట పడటం. పాలకులు దోచుకున్న డబ్బు తమ దేశంలో దాచుకోరు, ప్రవాసులు పన్నులు కట్టి బతుకుతున్న మహానగరాల్లోనే భవనాలు కొంటారు. 2007లో కొందరు ఆఫ్రికా అధ్యక్షుల కుటుంబాలకు ఫ్రాన్స్‌లో ఉన్న ఆస్తుల మీద పారిస్‌లో ఫిర్యాదు చేసినవాళ్లలో కాంగో ప్రవాసుల సమాఖ్య కూడా ఉంది. ఆ ఫిర్యాదును పక్కన పడేశారు. తర్వాత అవినీతి వ్యతిరేక సంస్థలు మళ్లీ ఫిర్యాదు చేశాయి, పై కోర్టు దాకా వెళ్లాయి, చివరికి దర్యాప్తు మొదలైంది. ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడి కొడుక్కి పారిస్‌లోని ఖరీదైన ఫోష్ అవెన్యూలో పెద్ద భవంతి ఉండేది, ఆ ఇంట్లోంచి ఖరీదైన కార్లను పోలీసులు లారీల మీద ఎక్కించి తీసుకెళ్లారు. 2017లో కోర్టు ఆయన్ను దోషి అంది, 2021లో ఆ తీర్పు ఖాయమైంది, అలాంటి సొమ్మును ఏ ప్రజల నుంచి దోచారో వాళ్ల మేలుకే వాడాలని ఫ్రాన్స్ అదే ఏడాది చట్టం చేసింది. 14 ఏళ్లు పట్టింది. ఈ కేసు ఆ దేశంలోనే వేసుంటే వేసినవాడు ఆ రాత్రి ఇంటికి చేరేవాడా? బయట ఉన్నవాళ్లకు ఉన్న అసలు బలం ఇదే, కోర్టు ఉంది, లాయరు ఉన్నాడు, తమ నియోజకవర్గం ప్రతినిధికి ఉత్తరం రాసే వీలుంది.

ఇక ఓటు. గాంబియాలో 2016 ఎన్నికల్లో ప్రవాసులకు ఓటు లేదు. అయినా బయట నుంచి ఆన్‌లైన్ రేడియోలు నడిపారు, ఏకమైన ప్రతిపక్షానికి చందాలు పోగేశారు, ఇంటికి ఫోన్ చేసి భయపడొద్దని చెప్పారు. అక్కడ ఓటంటే గోళీ, అభ్యర్థి రంగు వేసిన డబ్బాలో గోళీ వేస్తే లోపల గంట మోగుతుంది, ఎవరైనా రెండోది వేస్తే బయటికి వినపడిపోతుంది. ఆ గోళీలను ఎక్కడికక్కడే లెక్కపెట్టారు, 22 ఏళ్లు పాలించిన అధ్యక్షుడు జామే ఓడిపోయాడు. మోల్డోవాలో ప్రవాసులకు ఓటుంది, 2024 నవంబరులో మాయా సందు మళ్లీ అధ్యక్షురాలయ్యారంటే ఆ ఓట్ల వల్లే, దేశం లోపలి ఓట్లలో ఆమె ప్రత్యర్థికే స్వల్ప ఆధిక్యం వచ్చింది. ఈ ఫలితం తప్పు అని మేం అనం, వాళ్లూ పౌరులే. కానీ అక్కడ కరెంటు బిల్లు పెరిగితే కట్టాల్సింది, పక్కనున్న ఉక్రెయిన్ యుద్ధానికి భయపడాల్సింది లోపల ఉన్నవాళ్లు. అందుకే ఓటు ఉన్న ప్రవాసి, తనకు భిన్నంగా ఓటేసిన ఇంట్లోవాళ్లు ఎందుకలా వేశారో అడిగి తెలుసుకోవాలి.

డబ్బు విషయంలో కూడా పంపేవాళ్లు కాస్త గట్టిగా ఉండాలి. ఎరిత్రియా ప్రభుత్వం బయట ఉన్న తన ప్రజల ఆదాయంలో 2 శాతం పన్ను వసూలు చేస్తుంది, కట్టకపోతే కాన్సులేట్‌లో కాగితాలు కదలవు. దానికి పూర్తి భిన్నంగా మెక్సికోలో, వలస వెళ్లినవాళ్ల ఊరి సంఘాలు అమెరికా నుంచి పంపిన ప్రతి డాలరుకు మునిసిపాలిటీ, రాష్ట్రం, కేంద్రం తలో డాలరు కలపాలన్న పథకం 2002లో దేశమంతా అమల్లోకి వచ్చింది. డబ్బు పెట్టారు కాబట్టి రోడ్డు ఎంత పొడవు పడింది, బిల్లు ఎంతైంది అని మేయర్‌ను అడిగే అధికారం వాళ్లకు వచ్చింది. లెక్క చెప్పడం అలవాటు లేని ఆఫీసులకు అదే పెద్ద మార్పు.

చివరగా, దూరం నుంచి అరిచేవాడికీ దగ్గర ఉండి దెబ్బలు తినేవాడికీ ప్రమాదం ఒకటే కాదు. ప్రవాసులకూ పూర్తి రక్షణ లేదు, 2018లో సౌదీ జర్నలిస్టు ఖషోగ్గీని ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోనే చంపేశారు, 2021లో బెలారస్ ఏకంగా విమానాన్ని దారి మళ్లించి దింపి ఒక జర్నలిస్టును పట్టుకుంది. కానీ ఎక్కువసార్లు పోలీసులు వెళ్లేది ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరికి, అమ్మానాన్నల దగ్గరికి. అందుకే ఒక ఊరేగింపు వీడియో మీ ఫోన్‌కు వస్తే షేర్ చేసే ముందు అందులో ఉన్నవాళ్ల ముఖాలు కనపడకుండా చేయండి, పేర్లు తీసేయండి, పంపినవాళ్లను అడగండి, వాళ్లు ఇప్పుడు వద్దంటే ఆపేయండి.