వరిచేల ఊరు, ఏడు టైటిళ్లు: ప్రో వెర్చెల్లిని ఎవరు ఓడించారు?

ఇటలీ ఫుట్‌బాల్ లీగ్ విజేతల పట్టిక ఒకసారి తీసి చూడండి. రాజధాని రోమ్‌లోని రెండు పెద్ద క్లబ్బులు, రోమా మూడు, లాజియో రెండు, కలిపి ఐదు టైటిళ్లు గెలిచాయి. అదే పట్టికలో ప్రో వెర్చెల్లి అనే పేరు ఏడుసార్లు కనిపిస్తుంది: 1908, 1909, 1911, 1912, 1913, 1921, 1922. ఆ క్లబ్బు ఊరు వెర్చెల్లి జనాభా ఇప్పటికీ యాభై వేలు దాటదు. ఆ క్లబ్బు ఇప్పుడు మూడో అంచె లీగ్ అయిన సెరీ సిలో ఆడుతోంది.

పాతకాలంలో పోటీ తక్కువ, అందుకే ఆ చిన్న ఊరు గెలిచిందని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఊళ్లో ఆట ఆరిపోలేదు. ఆటగాళ్లను తయారుచేసే ఊరి కంటే కొనగలిగే ఊరికే లాభం దక్కేలా పద్ధతులు మారిపోయాయి.

వెర్చెల్లి ఉత్తర ఇటలీలో, టురిన్‌కీ మిలాన్‌కీ మధ్య ఉంటుంది. చుట్టూ కాలువ నీళ్లతో పండే వరి. మోకాలి లోతు నీళ్లలో నడుం వంచి కలుపు తీసిన కూలీ ఆడవాళ్లు 1906లో ఎనిమిది గంటల పనిదినం పోరాడి సాధించుకున్నారక్కడ. నాట్లూ కలుపులూ తెలిసిన మనకు ఆ ఊరిని ఊహించుకోవడం కష్టం కాదు.

ప్రో వెర్చెల్లి 1892లో వ్యాయామశాలగా మొదలైన సంఘం. 1903లో మార్చెల్లో బెర్తినెత్తి అనే యువకుడు అందులో ఫుట్‌బాల్ మొదలుపెట్టించాడు. అతను కత్తిసాము ఆటగాడు, తర్వాత ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు కూడా గెలిచాడు. అప్పటి పెద్ద క్లబ్బుల్లో ఇంగ్లిష్, స్విస్ ఆటగాళ్లుండేవారు. వెర్చెల్లికి దిక్కు ఊరి కుర్రాళ్లే. 1908లో విదేశీయులపై ఆంక్షలు పెట్టినందుకు కొన్ని పెద్ద క్లబ్బులు పోటీకి దూరంగా ఉన్న మాట నిజమే. కానీ ఆ ఒక్క ఏడాదిని చూపించి మిగతా ఆరు టైటిళ్లను తీసిపారేయడం కుదరదు. 1913 మే 1న బెల్జియంతో ఆడిన ఇటలీ జట్టులో తొమ్మిది మంది వెర్చెల్లి వాళ్లే. ఇటలీ 1-0తో గెలిచింది.

1910 సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంటర్ మిలాన్‌తో పాయింట్లు సమానమై, టైటిల్ తేల్చే మ్యాచ్ పెట్టారు. తమ ఆటగాళ్లలో కొందరు సైనిక టోర్నమెంటుకు వెళ్లాలి, తేదీ మార్చమని వెర్చెల్లి అడిగింది. కుదరదన్నారు. నిరసనగా క్లబ్బు చిన్నపిల్లల జట్టును దింపింది, ఇంటర్ 10-3తో గెలిచింది. క్లబ్బు మీద నిషేధం పడింది. దాంతో మే 15న ఇటలీ ఆడిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో వెర్చెల్లి వాళ్లు ఒక్కరూ లేరు. పెద్దల పంతానికి పిల్లల్ని ముందుకు తోయడం నాకు నచ్చదు. అయినా ఆ కోపం అర్థమవుతుంది. ఆ తర్వాత వరసగా మూడేళ్లు ఛాంపియన్లు వాళ్లే.

వెర్చెల్లిని చూసి పక్క ఊళ్లకూ పట్టుదల పెరిగింది. దగ్గర్లోనే ఉన్న కసాలే వాళ్లు, వెర్చెల్లి తెల్ల జెర్సీకి పోటీగా నల్ల జెర్సీ వేసుకుని, 1914లో తామూ ఛాంపియన్లయ్యారు.

అసలు మలుపు 1923. వెర్చెల్లి డిఫెండర్ విర్జీనియో రొజెత్తా వృత్తిరీత్యా అకౌంటెంట్. అదే ఏడాది ఫియట్ కార్ల యజమానులైన అన్యెల్లి కుటుంబం చేతికి వచ్చిన టురిన్ క్లబ్బు యువెంటస్ అతన్ని తీసుకుంది. అప్పటికి ఆటగాళ్లకు డబ్బివ్వడం నిషిద్ధం కాబట్టి పెద్ద గొడవైంది. అతను ఆడిన మ్యాచ్‌ల పాయింట్లను యువెంటస్ పోగొట్టుకుంది. కానీ ఎన్నాళ్లు ఆపగలరు? 1926లో నిబంధనలు మారి డబ్బు తీసుకుని ఆడటానికి దారి తెరుచుకుంది. 1929లో దేశమంతటికీ ఒకే మొదటి అంచె లీగ్, సెరీ ఎ, వచ్చింది. దూర ప్రయాణాలు, జీతాలు, పెద్ద స్టేడియాలు... ఊరి చందాలతో నెట్టుకొచ్చే బండి కాదిక.

అంత టెన్షన్‌లోనూ ఆ ఊరు ఇంకో అద్భుతాన్ని కన్నది. సిల్వియో పియోలా 1930లో, పదహారేళ్లకే సెరీ ఎలో అడుగుపెట్టాడు. 1933లో ఫియొరెంతీనా మీద ఒకే మ్యాచ్‌లో ఆరు గోల్స్ కొట్టాడు. క్లబ్బు తరఫున సెరీ ఎలో 51 గోల్స్. 1934లో అతన్ని లాజియోకి అమ్మేశారు. 1934-35 సీజన్ ముగిసేసరికి రొజెత్తా ఉన్న యువెంటస్ వరసగా ఐదోసారి ఛాంపియన్. ప్రో వెర్చెల్లి మాత్రం రెండో అంచెకి దిగజారింది. సెరీ ఎలోకి మళ్లీ రాలేదు. పియోలా 1938 ప్రపంచ కప్ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. సెరీ ఎలో అతని 274 గోల్స్ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

ఆటగాళ్లను తప్పుపట్టను. కష్టానికి తగిన డబ్బు అడగడం వాళ్ల హక్కు. నా అభ్యంతరం పెంచిన చేతికి దక్కే వాటా గురించి. అమ్మినప్పుడు ఒక్కసారి వచ్చిన డబ్బు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ అన్యాయం గుర్తించడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకి 2001 దాకా పట్టింది. ఆటగాడు దేశం దాటి అమ్ముడైనప్పుడు, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు ఆ సొమ్ములో 5 శాతం పంచాలని నియమం పెట్టింది. మంచిదే, కానీ చాలదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పెంచినవాళ్లూ ఒకే దేశం వాళ్లైతే ఈ నియమం పనిచేయదు. వెర్చెల్లి లాంటి ఊళ్ల పిల్లలు ఎక్కువగా వెళ్లేది మిలాన్‌కీ టురిన్‌కీ రోమ్‌కే కదా. ఆ బదిలీల్లోనూ ఇలాంటి వాటా తప్పనిసరి చేయాలి.

2010లో అప్పులతో క్లబ్బు కుప్పకూలింది. ఊళ్లోని ఇంకో క్లబ్బు ప్రో బెల్వెదేరె ఆ పేరునీ తెల్ల జెర్సీనీ తన మీద వేసుకుని నిలబెట్టింది. 2012లో, 64 ఏళ్ల తర్వాత, రెండో అంచె సెరీ బిలోకి వచ్చారు. మరుసటి ఏడాదే పడిపోయి, 2014లో మళ్లీ ఎక్కి, 2018 దాకా నిలిచారు. ఇప్పుడు వాళ్లు ఆడే స్టేడియం పేరు సిల్వియో పియోలా. పక్క ఊరు నొవారా స్టేడియానికీ అదే పేరు. పియోలా తన ఆట చివరి ఏళ్లు అక్కడ గడిపాడు.