ఆడినవాళ్ల చేతికే ఇవ్వండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆటగాళ్లకు కొదవ లేదు. ఆట ఆపేశాక వాళ్లకు పని చూపించాలన్న ఆలోచనే ఎవరికీ రావడం లేదు. కబడ్డీలోనో వాలీబాల్‌లోనో రాష్ట్ర జట్టుకు ఆడిన కుర్రాడికి ముప్పై దాటేసరికి మోకాళ్లు సహకరించవు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరికితే సరే. లేదంటే ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పీఈటీ, అదీ లేకపోతే ఆటతో సంబంధం లేని ఏదో ఒక పని. కొత్త క్రీడా విధానంలో రాష్ట్ర ప్రభుత్వం కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచడం మంచిదే. కానీ ఆడినవాళ్లందరికీ అది ఎలా సరిపోతుంది?

పోటీల నిర్వహణలో ఈ మాజీ ఆటగాళ్ల అవసరం ఎంతుందో మన టోర్నమెంట్లు చూస్తే తెలుస్తుంది. సంక్రాంతికి, తిరునాళ్లకు ఊరూరా పోటీలు పెడతారు. దాతలుంటారు, ఫ్లెక్సీలుంటాయి, సన్మానాలు గంటల తరబడి సాగుతాయి. సాయంత్రం మొదలవ్వాల్సిన మ్యాచ్ రాత్రికి గానీ మొదలవదు. మధ్యాహ్నం తిన్న అన్నంతోనే పిల్లలు కోర్టులోకి దిగుతారు. ఆడపిల్లల జట్లకు ఏ స్కూలు గదిలోనో బస ఇస్తారు, బాత్‌రూమ్ సంగతి అడిగేవాళ్లుండరు. 13 మీటర్లకు 10 మీటర్లు కొలిచి కబడ్డీ కోర్టుకు ముగ్గు పోస్తారు గానీ మట్టిలో గులకరాళ్లు ఏరించరు. రెయిడ్‌కు వెళ్లి అలాంటి నేల మీద ఒక్కసారి మోకాలు చీరుకున్నవాడికి బాధ్యత అప్పగిస్తే ముందు చేయించేది ఆ పనే. ఒకే జట్టుకు వెంటవెంటనే రెండు మ్యాచ్‌లు పడకుండా డ్రా వేయడం కూడా అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌నే చూడండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన ఆయన, అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో హైదరాబాద్‌లో అది మొదలైంది. 2012లో సైనా, 2016లో సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చింది ఆయన శిక్షణలోనే. అంతటి మనిషే, ఇంట్లో డబ్బు లేకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని 2025లో తల్లిదండ్రులకు చెప్పాల్సి వచ్చింది. ఆట తర్వాత బతుకు ఏమిటన్న ఆయన దిగులు మాకూ ఉంది.

జాతీయ సమాఖ్యల కార్యవర్గాల్లో మేటి క్రీడాకారులు ఉండి తీరాలని 2025 క్రీడా పరిపాలన చట్టం చెబుతోంది. ఆ పద్ధతి జిల్లా సంఘాల దాకా రావాలి. అయితే ఆడినంత మాత్రాన అన్నీ వచ్చేయవన్నదీ నిజమే. లెక్కలు రాయడం, స్పాన్సర్లతో మాట్లాడటం, పోలీసు, ఫైర్ అనుమతులు తెచ్చుకోవడం నేర్చుకోవాలి. హరియాణాలోని రోహ్‌తక్ ఐఐఎంలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు ఉంది. మన పల్లె ఆటగాడు అంత దూరం, అంత ఫీజు కట్టి వెళ్లగలడా? అదే చదువును విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం సాయంత్రం పూట, తెలుగులో చెప్పవచ్చు. ప్రాక్టికల్స్‌కు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం నెల్లూరులోనే ఉంది. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు లక్షల్లో వచ్చే జనాన్ని నడిపించడంలోనూ వీళ్లకు పని ఇవ్వవచ్చు.

ముందుగా రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) ఒక పని చేయాలి. జిల్లా స్థాయిలో తాను జరిపే ప్రతి పోటీకి ఒక మాజీ క్రీడాకారుణ్ని గానీ, క్రీడాకారిణిని గానీ నిర్వాహకులుగా పెట్టాలి. శాలువా కప్పి పంపేయకుండా, వాళ్ల జీతాన్ని టోర్నమెంట్ బడ్జెట్‌లోనే చూపించాలి.