లేజర్ బలం గాజులోనే ఉంది

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో రేంజ్‌లో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చారు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో వాళ్ల చెస్ ల్యాబ్ చేసిన ఆయుధం అది. టీవీల్లో మంటలు చూపించారు, అందరం మురిసిపోయాం. ఎన్ని కిలోవాట్లన్నదే చర్చ. గాజు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇలాంటి పనికి ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా నమ్ముకున్నది ఫైబర్ లేజర్‌నే. యటర్బియం అనే లోహం కలిపిన గాజు పోగు అది. కాంతి నడిచే నడిమి భాగం 20 మైక్రాన్లుంటే, మన వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. ఇస్త్రీపెట్టె లాగేంత పవర్, అంటే ఒక కిలోవాట్, అందులోంచి పంపితే చదరపు మిల్లీమీటరుకు 30 లక్షల వాట్లు దాటుతుంది. 976 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి లోపలికి పోయి 1070 నానోమీటర్ల దగ్గర బయటికొస్తే, ఆ తేడాలోనే 9 శాతం దాకా వేడిగా మిగులుతుంది. వేడి ముదిరితే కిరణం నిలకడ తప్పుతుంది. ఇంకో తలనొప్పి బ్రిల్వా స్కాటరింగ్: కాంతి తనే గాజులో శబ్ద తరంగాలు పుట్టించి, వాటికే తగిలి వెనక్కి మళ్లుతుంది.

ఇన్నాళ్లూ ఇంజనీర్లు ఎక్కువగా చేసింది పోగు నడిమి భాగాన్ని వెడల్పు చేయడం. మరీ వెడల్పు చేస్తే కిరణం ఇంకా తొందరగా ఊగిసలాడుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో జాన్ బల్లాటో బృందం పోగు ఆకారాన్ని వదిలి గాజునే మార్చింది. సిలికా గాజు గొట్టంలో నీలమణి కడ్డీ పెట్టి కొలిమిలో లాగారు. గొట్టం మెత్తబడేసరికి లోపల కడ్డీ కరిగి, చుట్టూ ఉన్న సిలికాను కొంత కలుపుకుని పోగుగా సాగింది. శబ్ద తరంగానికి సిలికా ఒకవైపు స్పందిస్తే, అల్యూమినా, అంటే నీలమణిలోని పదార్థం, దానికి ఎదురు స్పందిస్తుంది. పాళ్లు సరిగ్గా కుదిరితే రెండూ కొట్టేసుకుంటాయి. 2012లోనే ఈ ఫలితం అచ్చయింది. ఈ పోగులో కాంతి నష్టం ఎక్కువ, నిజమే. ఇంటర్నెట్ కేబుల్‌కైతే పనికిరాదు. కానీ లేజర్‌కి కావాల్సింది కొన్ని మీటర్లే కదా! ఆ నష్టాన్ని తగ్గించడమే ఇప్పుడు అసలు పని. అది గాజు కెమిస్ట్రీ తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

మనకు కోల్‌కతాలో సీజీసీఆర్‌ఐ ఉంది, గాజు, సిరామిక్‌లపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ. యటర్బియం ఫైబర్ అక్కడ చేస్తున్నారు. నా మటుకు, లేజర్ ఆయుధాన్ని మోసే తర్వాతి ట్రక్కుకు పెట్టే డబ్బులో ఒక వాటా ముందే అక్కడి కొలిమికి వెళ్లాలి. పోగు సత్తువ ఇంతే అయితే, ట్రక్కులో ఇంకో నాలుగు లేజర్లు పేర్చి కిరణాలు కలపడం తప్ప మిగిలేది లేదు. ఆ ట్రక్కు బరువు, దాని కూలింగ్ ఖర్చు సైన్యమే మోయాలి.