గింత సూదికి గింత లొల్లా?

ఈ మాట మా బాపును అన్నరు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలు మోసిన మనిషిని.

రక్తం తగ్గుతున్నది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నయి, ఎందుకో తెల్వాలంటే బోన్ మ్యారో బయాప్సీ చెయ్యాలన్నరు. అంటే మూలుగ తీసి చూసుడు. మా ఇంట్ల మూలుగ బొక్క అంటే ఆదివారం కూరలదే. "ఇగ నా మూలుగ గూడ గుంజుతరా?" అని బాపు నవ్విండు.

హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖాన, పేరు వద్దు. మత్తు ఇస్తరా సార్ అని అడిగిన. "పది నిమిషాల పనికి మత్తెందుకు? అయినా పొద్దున ఇడ్లీ తిన్నడు కదా" అన్నరు. తినొద్దని ముందుగాల చెప్తే తింటడా? మత్తు కావాల్నంటే ఆరు గంటల ముందుకెళ్లి అన్నం, టిఫిన్ బంద్ చెయ్యాలె. మంచం మీద పండబెట్టినంక చెప్తే మాకు మిగిలేది ఏంది, ఓర్చుకునుడే.

బోర్ల పండబెట్టి, నడుము కింద పిర్ర పైన బొక్క దగ్గర లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు పొడిచిన్రు. మొద్దుబారిందా అని అడగనే లేదు, పెద్ద సూది దించిన్రు. బాపు అరుపు నాకు తలుపు ఇవతలికి ఇనొచ్చింది. దాని ఎనుకనే ఈ మాట.

తర్వాత తెలిసినోళ్లను అడిగి అర్థం చేసుకున్న. ఆ తిమ్మిరి మందు తోలుకు, బొక్క మీది పొరకు పని చేస్తది. కొన్ని నిమిషాలు ఆగాలె, పొర మీద అంతట పరవాలె. బొక్క లోపలికి మాత్రం అది పోదు. సిరంజితోని మూలుగ గుంజేటప్పుడు కొన్ని సెకండ్లు కాలు దాకా జివ్వున లాగుతది. దాన్ని ఆ సూది ఆపలేదు. ఆపలేనప్పుడు ముందుగాల చెప్పాలె కదా! మిడజోలం అనే మత్తు మందు ఇస్తే సోయి తగ్గుతది, జరిగింది పెద్దగ యాదికుండది. కని అది నొప్పి మందు కాదు, నొప్పికి ఫెంటానిల్ అసొంటిది వేరే ఇయ్యాలె. ఊపిరి మందగించే భయం ఉంటది కాబట్టి వేలికి ఆక్సీమీటర్, పక్కన ఆక్సిజన్, చూస్తందుకు ఒక మనిషి ఉండాలె. ఊపిరితిత్తులు బాగలేనోళ్లకు ఇంకా జాగ్రత్త. డాక్టర్లు ఎనకాముందు ఆడుతరంటే కారణం ఉన్నది, నేను కాదన. మా దగ్గర ఆ సౌలత్ లేదు అని చెప్పున్రి, హైదరాబాద్ పోతం. అవసరమే లేదు అంటరేంది? చిన్న పిల్లలకైతే నిద్రపుచ్చే చేస్తరు. పెద్దోళ్ల బొక్కలు ఇనుపయా?

ఇంత చేస్తే, తీసిన ముక్క సరిపోలేదని రిపోర్టు. మళ్ల తీయాలె. బాపు రెండు దినాలు మాట్లాడలే.

రెండోసారి వేరే దవాఖాన, ఒక మేడం. ముందు రోజే కూసోబెట్టి చెప్పింది: ఉత్త తిమ్మిరి సూదితోని చేయొచ్చు, మత్తు ఇచ్చి చేయొచ్చు. మత్తైతే పరగడుపున రావాలె, ఎంబడి మనిషి ఉండాలె, తెల్లారి దాకా బండి ముట్టొద్దు. ఏది కావాలె అని బాపునే అడిగింది.

బాపు మత్తొద్దన్నడు! నాకు కోపమొచ్చింది. "సోయి లేకుంట నాకు పడది బిడ్డా. గుంజేటప్పుడు ఒక మాట చెప్తే చాలు" అన్నడు.

మందు ఇచ్చి మేడం ఆగింది. సూది మొనతోని మెల్లగ ఒత్తి, "మొద్దుగ ఉన్నదా, సుర్రుమంటున్నదా?" అని అడిగింది. సుర్రుమంటున్నది అంటే ఇంకింత ఇచ్చి మళ్ల ఆగింది. "ఇగ గుంజుతున్న, పెద్దగ ఊపిరి ఇడువున్రి." బాపు నా వేళ్లు ఎంత గట్టిగ పట్టిండంటే, ఉంగరం అచ్చు సాయంత్రం దాకా ఉండె. అరవలే గని.

పట్టీ మీద బరువు పడేటట్టు అరగంట ఎల్లెలకల పండబెట్టిన్రు. ఒక దినం తడపొద్దన్నరు. నొప్పైతే పారాసిటమాల్ ఏసుకోమన్నరు, ప్లేట్‌లెట్లు తక్కువున్నయి కాబట్టి వేరే నొప్పి గోళీలు ముట్టొద్దన్నరు.

లేచినంక చూపియ్యమన్నడు. మేడం సీసా ఎత్తి పట్టింది. అగ్గిపుల్ల కన్న సన్నగ, చిన్న తునక.

"గిదేనా? కూరకు గూడ ఎల్లది" అన్నడు.