అంకెలు పెరిగితే సున్నితత్వం పెరగదు
వోల్టులు కొలిచే మీటర్ల మీద వచ్చిన వ్యాసంలో, డిస్‌ప్లేలో అంకెలు ఎక్కువుంటే మీటర్ అంత సున్నితమైనదని రాశారు, నేను ఒప్పుకోను. కొలిచే సర్క్యూట్ నుంచి ఎంత తక్కువ కరెంటు లాక్కుంటే అది అంత సున్నితమైన మీటర్. రేడియో రిపేరు నేర్చుకునే రోజుల్లో ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. 12 వోల్టుల సప్లైకి లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరసగా ఉన్నాయి, మధ్యలో 6 వోల్టులు రావాలి. వోల్టుకు 1,000 ఓమ్‌ల ముల్లు మీటర్‌ను 10 వోల్టుల రేంజిలో పెడితే 1 వోల్టే చూపింది. రెసిస్టర్లు పోయాయనుకుని రెండూ పీకేశాను! తీరా చూస్తే తేడా మీటర్‌తోనే. రేంజిలోని ఒక్కో వోల్టుకు 1,000 చొప్పున దాని లోపలి రెసిస్టెన్స్ 10 వేల ఓమ్‌లే మరి, అందుకే కరెంటు ఎక్కువ లాక్కుని వోల్టేజిని తనే పడగొట్టింది. వోల్టుకు 20,000 ఓమ్‌ల మీటరైతే అదే చోట 4.8 చూపుతుంది. దాని ముల్లు చివరిదాకా కదలడానికి 50 మైక్రోఆంపియర్లు చాలు. అంత తక్కువలో కదలాలంటే బలమైన అయస్కాంతం, సన్నని తీగ చుట్టిన తేలికైన కాయిల్ ఉండాలి, రాపిడి దాదాపు ఉండకూడదు. అందుకే కొన్నింటిలో బేరింగులే తీసేసి కాయిల్‌ను బిగువైన సన్నని లోహపు పట్టీ మీద నిలబెట్టారు. లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు, అంటే కోటి ఓమ్‌లు ఉన్న డిజిటల్ మీటర్ దాదాపు 6 చూపుతుంది, నిజమే. కానీ ఆ ఘనత అంకెలది కాదు, ఆ లోపలి (ఇన్‌పుట్) రెసిస్టెన్స్‌ది. పైగా దానికి బ్యాటరీ కావాలి, వోల్టులు కొలవడానికి మామూలు ముల్లు మీటర్‌కు అదీ అక్కర్లేదు.